ముష్టియుద్ధానికి కాపలా ఎవరు?
అమెరికా రాష్ట్ర అథ్లెటిక్ కమిషన్లు: నియామకం, సిబ్బంది, బాధ్యత

బాక్సింగు పేరు చెప్పగానే మన విద్యార్థి లోకానికి ముహమ్మద్ అలీ, మైక్ టైసన్ గుర్తుకొస్తారు. 2022లో వచ్చిన ‘లైగర్’ చిత్రంలో టైసన్ తెలుగు తెరమీద కనిపించాక, ఆ పేరు వినని వాళ్ళు మన హాస్టళ్ళలో దాదాపు వుండరనే చెప్పాలి. అయితే ఇంత పేరుమోసిన ఈ యోధులిద్దర్నీ ‘నువ్వు రింగులోకి దిగటానికి వీల్లేదు’ అని ఆపగలిగిన వాళ్ళెవరు? 1967లో అలీ బాక్సింగు లైసెన్సును న్యూయార్కులో నిలిపివేసినదీ, 1997లో టైసన్ లైసెన్సును నెవాడాలో రద్దుచేసినదీ రాష్ట్ర అథ్లెటిక్ కమిషన్లే. కొద్దిమంది సభ్యులు, ఒక చిన్న ఆఫీసు, సాయంత్రం పూట వచ్చి పనిచేసే కొందరు ఇన్‌స్పెక్టర్లు: చూడటానికి ఇంతే వుంటుంది కమిషను. కాని ఒక మనిషి ప్రాణం ఆ రాత్రి వాళ్ళ చేతుల్లో వుంటుంది.

ఈ కమిషన్లను ఎవరు నియమిస్తారు, వాటిలో ఎవరు పనిచేస్తారు, ఆ నియామకంలో లోపం వుంటే దాని ఫలితం ఎవరు అనుభవిస్తారు అన్న మూడు ప్రశ్నలను ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

1. కమిషను అవసరం ఎందుకు వచ్చింది?

ఒక మనిషి ఇంకొక మనిషిని ముఖంమీద గుద్దితే అది నేరం. అదే పని టికెట్టు పెట్టి, దీపాలు వెలిగించి, వేలాదిమంది ఎదుట చేస్తే క్రీడ. ఈ రెంటికీ మధ్య గీత గీయవలసింది శాసనమే. పంతొమ్మిదవ శతాబ్దంలో అమెరికాలోని అనేక రాష్ట్రాలు పందెపు ముష్టియుద్ధాన్ని నిషేధించాయి. నిషేధించినంత మాత్రాన అది ఆగిందా? రహస్యంగా, వైద్యుడూ మధ్యవర్తీ లేకుండా సాగింది. 1897లో నెవాడా రాష్ట్రం దాన్ని చట్టబద్ధం చేసింది. ఆ సంవత్సరం మార్చి 17న కార్సన్ సిటీలో జేమ్స్ కార్బెట్, బాబ్ ఫిట్జ్‌సిమన్స్ మధ్య హెవీవెయిట్ ఛాంపియన్‌షిప్పు పోటీ జరగటానికి ఆ చట్టమే దారి ఇచ్చింది.

న్యూయార్కు కథ మరికొంత మెలికలు తిరిగింది. 1911లో ఫ్రాలీ చట్టం ద్వారా బాక్సింగును అనుమతించి, ఒక కమిషనును ఏర్పరచారు. 1917లో ఆ చట్టాన్ని రద్దుచేశారు. మళ్ళీ 1920లో వాకర్ చట్టం వచ్చింది. ఆ బిల్లును తెచ్చిన జేమ్స్ వాకర్ తర్వాత న్యూయార్కు నగర మేయరయ్యాడు. బాక్సర్లు, మేనేజర్లు, రిఫరీలు, జడ్జీలు అందరూ లైసెన్సు తీసుకోవాలని ఆ చట్టం విధించింది. తర్వాత చాలా రాష్ట్రాలు దాన్నే నమూనాగా తీసుకున్నాయి. కాలిఫోర్నియాలో 1924లోనూ, నెవాడాలో 1941లోనూ కమిషన్లు ఏర్పడ్డాయి.

ఒక్క విషయం గమనించాలి. అమెరికాలో వృత్తి బాక్సింగుకు కేంద్ర ప్రభుత్వపు కమిషనంటూ లేదు. ఏ రాష్ట్రం పోటీని ఆ రాష్ట్రమే చూసుకుంటుంది. ఆదివాసీ తెగల భూములమీద జరిగే పోటీలకు కొన్ని తెగలు సొంత కమిషన్లను పెట్టుకున్నాయి కూడా.

2. సభ్యులను నియమించేది ఎవరు?

ఇక్కడ మన పాఠకులకు ఒక మాట చెప్పాలి. గవర్నరనగానే మనకు రాజ్‌భవన్ గుర్తుకొస్తుంది. మన గవర్నరును రాష్ట్రపతి నియమిస్తాడు. అమెరికా గవర్నరు ప్రజల ఓట్లతో గెలిచి, పరిపాలన స్వయంగా నడుపుతాడు. అంటే అధికారం విషయంలో ఆయన మన ముఖ్యమంత్రివంటివాడు. కమిషను సభ్యులను గవర్నరు నియమిస్తాడంటే, ఎన్నికల్లో గెలిచిన రాజకీయ నాయకుడు నియమిస్తున్నాడనే అర్థం చేసుకోవాలి.

నెవాడాలో అయిదుగురు సభ్యులుంటారు. అయిదుగురినీ గవర్నరే నియమిస్తాడు. పదవీకాలం మూడేళ్ళు. ఛైర్మన్‌ను సభ్యులే తమలోంచి ఎన్నుకుంటారు. ఇది పూర్తికాలపు ఉద్యోగం కాదు. వకీళ్ళు, వ్యాపారులు, డాక్టర్లు తమ తమ వృత్తులు చేసుకుంటూనే సభ్యులుగా వుంటారు.

న్యూయార్కులోనూ సభ్యులు అయిదుగురే. నియమించేది గవర్నరే అయినా, ఒకరిని సెనేటు నాయకుని సిఫారసుమీద, ఇంకొకరిని అసెంబ్లీ స్పీకరు సిఫారసుమీద తీసుకోవాలి. ఆపైన సెనేటు ఆమోదం కూడా కావాలి. కాలిఫోర్నియాలో ఏడుగురు. అయిదుగురిని గవర్నరు, ఒకరిని సెనేటు రూల్సు కమిటీ, ఒకరిని అసెంబ్లీ స్పీకరు నియమిస్తారు. పదవీకాలం నాలుగేళ్ళు. ఫ్లోరిడా పద్ధతిలో ఇంకో విశేషముంది. అక్కడి అయిదుగురిలో ఒకరు తప్పనిసరిగా వైద్యుడై వుండాలని చట్టమే చెబుతోంది. టెక్సాస్ దారి వేరు. అక్కడ ఈ ఆటకోసం ప్రత్యేక కమిషను పెట్టలేదు. అనేక వృత్తులకు లైసెన్సులిచ్చే ప్రభుత్వశాఖే బాక్సింగునూ చూసుకుంటుంది.

ఈ పద్ధతుల్లో ఏది మేలు? నియమించే చేయి ఒక్కటే అయితే పని త్వరగా జరుగుతుంది, బాధ్యత ఎవరిదో తెలుస్తుంది. కాని ఎన్నికల్లో సాయం చేసిన మిత్రుడికి గౌరవంగా ఒక కుర్చీ ఇచ్చే ప్రమాదం కూడా అక్కడే వుంది. నియమించే చేతులు ఎక్కువైతే ఆ ప్రమాదం కొంత తగ్గుతుంది గాని, ఖాళీలు భర్తీ కావటం ఆలస్యం కావచ్చు. ఏ పద్ధతిలోనైనా సరే, ఈ ఆటమీద ఆసక్తి వున్నవాళ్ళు దొరకటం తేలిక. ఆసక్తితోబాటు పరిజ్ఞానం వున్నవాళ్ళు, ఆ ఆటతో డబ్బు సంబంధం లేనివాళ్ళు దొరకటమే కష్టం.

3. అసలు పనిచేసే సిబ్బంది

సభ్యులు నెలకో, అవసరమైనప్పుడో సమావేశమై లైసెన్సులు, శిక్షలు, పెద్ద పోటీల అధికారుల నియామకం వంటివి తీర్మానిస్తారు. రోజువారీ పని చూసేది ఎగ్జిక్యూటివ్ డైరెక్టరు. కాలిఫోర్నియాలో ఈయన్ని ఎగ్జిక్యూటివ్ ఆఫీసరంటారు. పోటీకి అనుమతినివ్వటం, ప్రత్యర్థులిద్దరూ సమఉజ్జీలా కాదా అని చూడటం, వైద్య పరీక్షల కాగితాలు సరిచూడటం, రిఫరీనీ జడ్జీలనూ ప్రతిపాదించటం, ఇవన్నీ ఈ ఆఫీసు పనులే. ఒక పోటీలో పాల్గొనే ఇద్దరిలో ఒకడికి ఇరవై విజయాలు, ఇంకొకడికి ఇరవై పరాజయాలు వున్నాయనుకోండి. ‘ఈ పోటీకి అనుమతి లేదు’ అని మొదట చెప్పవలసింది ఈయనే.

తర్వాత ఇన్‌స్పెక్టర్లు. వీరిలో చాలామంది పగలు వేరే ఉద్యోగాలు చేసుకుని, పోటీ రాత్రి రోజుకూలి లెక్కన పనిచేసేవారు. యోధుడు డ్రెస్సింగు రూములో అడుగుపెట్టినప్పటినుంచి ఇన్‌స్పెక్టరు అతని పక్కనే వుండాలి. చేతులకు గాజుగుడ్డ, టేపు చుట్టేటప్పుడు కళ్ళప్పగించి చూసి, సరిగ్గా వుందనుకుంటే ఆ పట్టీమీద సంతకం పెట్టాలి. గ్లవ్స్ తొడిగేది చూడాలి. రౌండుకూ రౌండుకూ మధ్య మూలలో వుండి, ఏం తాగిస్తున్నారో, గాయానికి ఏం రాస్తున్నారో గమనించాలి. పోటీ అయ్యాక మూత్రపరీక్షకు తోడు వెళ్ళాలి.

మూడవ వర్గం వైద్యులు. రింగుపక్కన వుండే వైద్యుణ్ణి నియమించేది కమిషనే. చాలాచోట్ల ఒక వైద్య సలహా మండలి కూడా వుంటుంది. నాలుగవ వర్గం రిఫరీ, జడ్జీలు. వీరిని ఎంపికచేసేది కమిషను, కాని వీరి ఫీజు భరించేది ప్రమోటరు. డబ్బు ఒకరిది, నియామకం ఇంకొకరిది. ఈ ఏర్పాటు కావాలని చేసినదే. ప్రమోటరే రిఫరీని ఎంచుకుంటే, ఆ రిఫరీ ఎవరివైపు చూస్తాడో వేరే చెప్పనవసరంలేదు.

ఇక కమిషనుకు డబ్బు ఎక్కడినుంచి వస్తుంది? ప్రధానంగా లైసెన్సు రుసుములు, టికెట్ల అమ్మకంలో వాటా. నెవాడాలో టికెట్ల రాబడిలో 8 శాతం లైసెన్సు రుసుముగా వసూలు చేస్తారు. అంటే పెద్ద పోటీ వస్తే ఖజానాకు లాభం, హోటళ్ళకు లాభం, ఊరికి లాభం. ‘ఈ యోధుడి ఆరోగ్యం బాగాలేదు, పోటీ వద్దు’ అన్న కమిషను ఆ లాభాలన్నిటినీ కాదనవలసి వుంటుంది. ఈ ఒత్తిడిని తట్టుకోగలవాడే ఆ పదవికి అర్హుడు.

4. రెండు రాత్రులు, రెండు పాఠాలు

నియమాలు పుస్తకంలో ఎంత బాగున్నా, ఆ రాత్రి గదిలో నిలబడ్డ మనిషి బట్టే ఫలితం వుంటుంది. దీనికి రెండు ఉదాహరణలు చూద్దాం.

మొదటిది 2009 జనవరి 24, లాస్ ఏంజెలెస్. ఆంటోనియో మార్గరీటో, షేన్ మోస్లీల మధ్య వెల్టర్‌వెయిట్ పోటీ. డ్రెస్సింగు రూములో మార్గరీటో చేతులకు పట్టీలు చుట్టారు. చూడటానికి మోస్లీ తరఫున శిక్షకుడు నాజిమ్ రిచర్డ్‌సన్ వచ్చాడు. అతనికి అనుమానం వచ్చి, పట్టీలు విప్పమని పట్టుబట్టాడు. విప్పితే లోపల ప్లాస్టర్‌లాగా గట్టిపడ్డ పదార్థం వున్న మెత్తలు బయటపడ్డాయి. మళ్ళీ కొత్త పట్టీలు చుట్టారు. పోటీ జరిగింది. తొమ్మిదో రౌండులో మోస్లీ గెలిచాడు. కాలిఫోర్నియా కమిషను మరుసటి నెలలో మార్గరీటో లైసెన్సును రద్దుచేసింది. బాగానే వుంది. కాని ఆలోచించండి: అది కనిపెట్టింది ప్రత్యర్థి శిక్షకుడు. అక్కడ కమిషను మనుషులు కూడా వున్నారు. ఆ శిక్షకుడు ఇంకొంచెం మొహమాటస్తుడై వుంటే, ఆ చేతులతో తిన్న దెబ్బలకు బాధ్యులెవరు?

కథ అక్కడితో ఆగలేదు. 2010 ఆగస్టులో మార్గరీటో తిరిగి లైసెన్సు అడిగితే కాలిఫోర్నియా కాదన్నది. టెక్సాస్ ఇచ్చింది. ఆ సంవత్సరం నవంబరు 13న ఆర్లింగ్టన్ స్టేడియంలో మానీ పాకియావ్‌తో పోటీ జరిగింది. ఆ పోటీలో మార్గరీటో కంటిచుట్టూ వున్న ఎముక విరిగింది. ఒక రాష్ట్రం మూసిన తలుపును పక్క రాష్ట్రం తెరిస్తే ఏమవుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

రెండవది 2013 నవంబరు 2, న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్. రష్యా బాక్సరు మగోమెద్ అబ్దుసలామోవ్, మైక్ పెరెజ్‌తో పది రౌండ్లు పోరాడి ఓడాడు. ముఖమంతా వాచింది. కమిషను వైద్యులు పరీక్షించారు, గాయాలకు కుట్లు వేశారు. భవనం దగ్గర అంబులెన్సు వుంది. అయినా అతను ఆసుపత్రికి వెళ్ళింది అంబులెన్సులో కాదు, టాక్సీలో. మెదడులో రక్తం గడ్డకట్టింది. శస్త్రచికిత్స చేశారు. ప్రాణం దక్కింది గాని, అతను మునుపటి మనిషి కాలేదు. నడక లేక, మాట సరిగా రాక, భార్యాబిడ్డల సంరక్షణలో వుండిపోయాడు.

రాష్ట్ర ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం దీన్ని విచారించి 2016లో నివేదిక ఇచ్చింది. అత్యవసర సమయంలో ఎవరు ఏం చెయ్యాలన్న విధానం, సిబ్బందికి ఇవ్వవలసిన శిక్షణ, రెండూ లోపించాయని అందులో తేల్చింది. నివేదిక వచ్చిన నెలలోనే అప్పటి ఛైర్మన్ రాజీనామా చేశాడు. 2017లో న్యూయార్కు రాష్ట్రం ఆ కుటుంబానికి 2 కోట్ల 20 లక్షల డాలర్లు చెల్లించటానికి ఒప్పుకుంది. 2016లోనే తెచ్చిన చట్టంలో, ప్రాణాపాయకరమైన మెదడు గాయానికి కనీసం 10 లక్షల డాలర్ల బీమా వుండాలన్న నిబంధన చేరింది. ఇంత జరిగాక గాని మార్పు రాలేదన్నమాట. ‘ఇతణ్ణి అంబులెన్సు ఎక్కించండి’ అన్న ఒక్క మాట ఆ రాత్రి చెప్పవలసిన వాళ్ళు చెప్పివుంటే కథ వేరే విధంగా వుండేదేమో.

5. స్వతంత్రత మాటేమిటి?

కేంద్ర స్థాయిలో అమెరికా కాంగ్రెసు 1996లో ‘ప్రొఫెషనల్ బాక్సింగ్ సేఫ్టీ యాక్టు’, 2000లో ‘ముహమ్మద్ అలీ బాక్సింగ్ రిఫారమ్ యాక్టు’ చేసింది. మొదటి చట్టం ప్రకారం ప్రతి పోటీకి ముందు వైద్య పరీక్ష జరగాలి. రింగుపక్కన వైద్యుడు ఎడతెగకుండా వుండాలి. అంబులెన్సుగాని, ప్రాణరక్షణ పరికరాలున్న వైద్య సిబ్బందిగాని అందుబాటులో వుండాలి. యోధుడికి ఆరోగ్య బీమా చెయ్యాలి. నాకౌటు వల్లనో గాయం వల్లనో ఒక రాష్ట్రం సస్పెండు చేసిన బాక్సరును ఇంకొక రాష్ట్రం ఆడించకూడదు. కమిషన్‌లేని రాష్ట్రంలో పోటీ జరగాలంటే ఇంకొక రాష్ట్రపు కమిషనో, కమిషన్ల సంఘమో పర్యవేక్షించాలి.

అదే చట్టం ఇంకొక ముఖ్యమైన మాట చెప్పింది. కమిషను సభ్యుడుగాని, ఉద్యోగిగాని బాక్సింగు పోటీలు ఏర్పాటుచేసే వారినుంచి ప్రతిఫలం తీసుకోరాదు. నెవాడా చట్టం కూడా పదవిలో వున్నంతకాలం సభ్యుడికి పోటీల వ్యాపారంలో ఆర్థిక సంబంధం వుండరాదంటుంది.

పదవిలో వున్నంతకాలం సరే, దిగిపోయాక? 1996 నుంచి 2000 దాకా నెవాడా కమిషను సభ్యుడుగా వున్న లొరెంజో ఫెర్టిట్టా, 2001 జనవరిలో సోదరునితో కలిసి యు.ఎఫ్.సి. సంస్థను 20 లక్షల డాలర్లకు కొన్నాడు. మిశ్రమ యుద్ధకళల పోటీలు నడిపే సంస్థ అది. అదే ఏడాది నెవాడా ఆ పోటీలను అనుమతించింది. కమిషనుకు చాలాకాలం ఎగ్జిక్యూటివ్ డైరెక్టరుగా పనిచేసి మంచి పేరు తెచ్చుకున్న మార్క్ రాట్నర్ 2006లో అదే సంస్థలో చేరాడు. ఇందులో చట్టవిరుద్ధమేమీ లేదు. అనుభవజ్ఞులు వెళ్ళటంవల్ల ఆ ఆటకు క్రమశిక్షణ అబ్బిందని వాదించేవాళ్ళూ వున్నారు. కాని నియంత్రించే వారికీ నియంత్రణకు లోబడే వారికీ మధ్య తలుపు ఎంత తెరిచివుండాలి అన్నది రాజనీతి శాస్త్ర విద్యార్థులు తప్పక చర్చించవలసిన ప్రశ్న.

6. అధికారానికి హద్దు

కమిషను బలహీనమైతే ప్రమాదం. మరి హద్దులేని బలం వుంటే? 1967 ఏప్రిల్ 28న సైన్యంలో చేరటానికి అలీ నిరాకరించగానే, విచారణ ఏదీ జరగకముందే, న్యూయార్కు కమిషను అతని లైసెన్సును నిలిపివేసింది. మూడేళ్ళకుపైగా అతను రింగుకు దూరమయ్యాడు. యోధుడి జీవితంలో మంచి వయసు అది. 1970లో ఫెడరల్ కోర్టులో అలీ పక్షం ఏం చూపించిందంటే, అదే కమిషను ఘోరమైన నేరాలలో శిక్షపడ్డ ఎందరికో లైసెన్సులిచ్చింది, సైన్యంనుంచి పారిపోయి శిక్షపడ్డవాళ్ళకూ ఇచ్చింది. అలీకి మాత్రం నిరాకరించటం పక్షపాతమని కోర్టు తీర్పు చెప్పింది. 1970 అక్టోబరు 26న అలీ తిరిగి రింగులో దిగింది అట్లాంటాలో. జార్జియా రాష్ట్రంలో అప్పుడు రాష్ట్ర కమిషను లేకపోవటమే అతనికి కలిసొచ్చింది.

దీనికి పక్కన 1997 ఉదంతం పెట్టి చూడండి. జూన్ 28న లాస్ వేగాస్‌లో టైసన్ ప్రత్యర్థి హోలీఫీల్డ్ చెవి కొరికాడు. నెవాడా కమిషను జూలై 9న బహిరంగ సమావేశం జరిపి, లైసెన్సు రద్దుచేసి, 30 లక్షల డాలర్ల జరిమానా వేసింది. అది అతని పారితోషికంలో పదోవంతు. 1998 అక్టోబరులో దరఖాస్తును మళ్ళీ విని, నలుగురు అవునని ఒకరు కాదని ఓటువేయగా లైసెన్సు తిరిగి ఇచ్చింది. ఈ నిర్ణయాలను ఇష్టపడనివాళ్ళు వుండొచ్చు. కాని తప్పు అందరూ చూసినదే, విచారణ బహిరంగంగా జరిగింది, ఎవరు ఎటు ఓటువేశారో లెక్క వుంది. కమిషను ఎలా పనిచెయ్యాలో, ఎలా పనిచెయ్యకూడదో ఈ రెండు ఘటనలు చెబుతున్నాయి.

7. మనకు దీనితో ఏమి పని?

మన రాజ్యాంగంలో క్రీడలు రాష్ట్ర జాబితాలోని 33వ అంశంలో వున్నాయి. మన దగ్గర బాక్సింగంటే ముఖ్యంగా సమాఖ్యలు నడిపే క్రీడ. నిజామాబాదు బిడ్డ నిఖత్ జరీన్ 2022లోనూ 2023లోనూ ప్రపంచ ఛాంపియన్ అయింది ఆ మార్గంలోనే. సమాఖ్యకూ కమిషనుకూ తేడా వుంది. సమాఖ్య క్రీడను పెంచి పోషించవలసిన సంస్థ. కమిషను పని అవసరమైనప్పుడు ఆపటం. పెంచేవారే ఆపవలసి వచ్చినప్పుడు చెయ్యి వెనకాడటం మానవ సహజం.

ఇప్పుడు మన పట్టణాల్లో కిక్‌బాక్సింగు, మిశ్రమ యుద్ధకళల శిక్షణ కేంద్రాలు వెలుస్తున్నాయి. 2022 జూలైలో బెంగుళూరులో జరిగిన ఒక కిక్‌బాక్సింగు పోటీలో దెబ్బతగిలి మైసూరు యువకుడొకరు మరణించాడు. అక్కడ తగిన వైద్య ఏర్పాట్లు లేవని తండ్రి ఆరోపించాడు. పోలీసులు కేసు పెట్టారు. కేసు ప్రమాదం తర్వాత వస్తుంది. ఇన్‌స్పెక్టరు ప్రమాదానికి ముందు వుండాలి.

కాబట్టి మన విద్యార్థి మిత్రులెవరైనా ఇటువంటి పోటీలో పేరు ఇచ్చేముందు నాలుగు ప్రశ్నలు అడగటం నేర్చుకోవాలి. రింగుపక్కన వుండే వైద్యుణ్ణి ఎవరు నియమించారు? అంబులెన్సు ఎక్కడ వుంది, అందులో ఎక్కించమని చెప్పే అధికారం ఎవరిది? రిఫరీ ఎవరి మనిషి? పోటీని ఆపితే నష్టపోయేవాడే ఆపవలసినవాడు కూడానా? నిర్వాహకులు ఈ నాలుగింటికీ తడుముకోకుండా జవాబు చెబితే సంతోషంగా గ్లవ్స్ తొడుక్కోవచ్చు. చెప్పలేకపోతే, పోటీకి పేరు ఇవ్వకపోవటంలో పిరికితనం ఏమీ లేదు. మన కళాశాల క్రీడా సంఘం కూడా ఇటువంటి పోటీలకు విద్యార్థులను పంపేముందు ఈ జవాబులను కాగితంమీద తీసుకుంటే బాగుంటుంది. దానికి కొత్త చట్టమేదీ అక్కరలేదు. ఒక దరఖాస్తు ఫారం చాలు.